గంజి పెట్టిన పట్టీలు

గంజి వాసన.

తెల్లారకముందే గద్వాలలో ఆ వీధిలోకి వచ్చే వాసన అదే. పలచగా, వెచ్చగా... అన్నం కుండ మూత తీసినప్పటిలా.

రెండు గుంజల మధ్య పడుగు దారాలు చాచి రుక్కమ్మ గంజి పట్టిస్తుంది. గంజి తాగిన పోగు మగ్గం మీద తెగదు. ఆమెకు వాళ్లత్త చెప్పింది. అత్తకు ఆవిడ అత్త చెప్పి ఉంటుంది.

ఆ వాసనలోంచే రుక్కమ్మ కూతురు తేజస్విని రోజూ పరుగు మొదలుపెడుతుంది.

పరుగు... ఊరి చివరి పల్లికాయ గోదాం దాకా.

అక్కడ దూలానికి ఇసుక బస్తా వేలాడుతుంటుంది. బస్తా పక్కన వెంకట్రాములు సార్ నిలబడి ఉంటాడు. ధరూర్ రైతు బిడ్డ. బడిలో ఆటల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. బాక్సింగ్ నేర్పడం మాత్రం మానలేదు. మెచ్చుకోవడం ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

బాగా కొడితే — "మళ్ల."

ఇంకా బాగా కొడితే — "మళ్ల."

నాలుగేళ్లు. ఆ ఒక్క మాట మీద నాలుగేళ్లు నెట్టుకొచ్చింది ఆ పిల్ల.

ఇవాళ వనపర్తిలో ఫైనల్.

గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఓడితే మళ్లీ గోదాం, మళ్లీ బస్తా. అది కూడా ఆమెకు ఇష్టమే. కానీ గెలవాలని ఉంది. చాలా ఉంది.

పోటీకి ముందు పట్టీలు చూపించాలి. గ్లవ్స్ లోపల చేతులకు చుట్టుకునే నూలు పట్టీలు. మెత్తగా ఉండాలి. గట్టిపడేలా ఏం పూసినా పోటీ నుంచి తీసేస్తారు.

పరీక్షించే ఉమ మేడం తేజస్విని సంచిలోంచి ఒక పట్టీ చుట్ట తీసింది. వేలితో నొక్కింది. బల్ల మీద తట్టింది.

టక్.

గుడ్డ చప్పుడు చేయకూడదు.

ఇది చేసింది.

వెంకట్రాములు సార్ మొహంలో రక్తం లేదు. పన్నెండేళ్ల కింద, పోటీ అయ్యాక విప్పిన ఒక పట్టీ కూడా ఇలాగే చప్పుడు చేసింది. గెలవాలనే ఆత్రంలో ఆయన శిష్యుడొకడు పట్టీలకు ప్లాస్టర్ పిండి పూసుకొచ్చాడు. ఎదుటి పిల్లవాడి దవడ విరిగింది. సార్‌ను రెండేళ్లు రింగు దరిదాపులకు రానివ్వలేదు. ఆ రెండేళ్ల కన్నా, దవాఖానలో ఆ పిల్లవాడు గొట్టంతో పాలు తాగడం చూసిన పదిరోజులే ఆయనకు ఎక్కువ గుర్తు.

ఇప్పుడు మళ్లీ.

ఈసారి ఈ పిల్ల.

"ఏం పూసినవ్?" అని అడిగాడు.

గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగినా బాగుండేది.

"నాకు తెల్వదు సార్."

తేజస్విని ఆయన కళ్లలోకి చూసింది. నాలుగేళ్లలో ఎన్ని దెబ్బలు తిన్నదో లెక్క లేదు. ఏ దెబ్బకూ ఇలా చూడలేదు.

ఆయన చూపు తిప్పుకున్నాడు.

కూతురు తల వంచుకోవడం దూరం నుంచి రుక్కమ్మ చూసింది. టిఫిన్ గిన్నె చంకలో పెట్టుకుని వచ్చింది. బల్ల మీద పట్టీలు చూసింది. ఏమైందో ఆమెకు అర్థం కాలేదు. ఎవరికీ ఏదీ దాచాలని కూడా తోచలేదు.

"గంజి సారూ. నేనే పెట్టిన. పొద్దుగాల పడుగుకు పెట్టంగ మిగిలింది."

రుక్కమ్మ ఒక పట్టీ చేతిలోకి తీసుకుంది.

"ఉతికితె పీలికలోలె అయినయి. గంజి లేకుంటె పోగు తెగుతది గద... పోరి చేతులకు కట్టేటివి."

ఉమ మేడం బకెట్ నీళ్లు తెప్పించింది. పట్టీ ముంచింది.

నీళ్లు తెల్లబడ్డాయి.

పట్టీ మెత్తబడింది... మెల్లగా, చుట్ట విప్పుకుని, నీళ్లలో పరుచుకుంది. మేడం వంగి వాసన చూసింది. తమది వీపనగండ్లలో నేత ఇల్లనీ, ఈ వాసన తనకు ఒకరు చెప్పక్కర్లేదనీ అంది. నవ్వు ఆపుకుంటూ కాగితం మీద ఏదో కొట్టేసింది. శుభ్రంగా ఉతికి ఆరబెట్టుకు రమ్మంది. వీళ్ల పోటీ ఆఖరుకు మార్చింది.

వెంకట్రాములు సార్ మెట్ల మీద కూలబడ్డాడు.

హాయి. ఇంత హాయి ఆయనకు ఏ గెలుపులోనూ కలగలేదు. ఊపిరి లోపలి దాకా పోయింది. కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు.

రుక్కమ్మ నల్లా కింద పట్టీలను మూడుసార్లు పిండింది. కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "జర గుంజి పట్టు సారూ."

పట్టాడు. ఎండలో, ఆటస్థలం మధ్య, ఆ కొసన నేత మనిషి, ఈ కొసన చేను మనిషి... నడుమ పడుగులా చాచిన తెల్ల పట్టీ. గాలి వచ్చినప్పుడల్లా వణికింది. పుట్టి బుద్ధెరిగాక దారం పట్టని చేతులు, వదల్లేదు.

ఆరాయి. దాదాపుగా.

బల్ల మీద కూర్చున్న తేజస్విని చేయి చాపింది. ఆయన చుట్టడం మొదలుపెట్టాడు. మణికట్టు. బొటనవేలు. వేళ్ల సందులు.

రెండో చేయి సగంలో ఉండగా అడిగింది.

"మీరు గూడ అనుకున్నరా సార్?"

లేదు అనొచ్చు. ఆ పూటకు అదే మంచిది కూడా.

"అనుకున్న," అన్నాడు. "ఒక్క నిమిషం."

పట్టీ కొస దోపాడు. చేయి వదల్లేదు.

"తప్పయింది బిడ్డా."

ఆమె పిడికిలి బిగించి చూసుకుంది. విప్పింది. మళ్లీ బిగించింది.

"మళ్ల," అంది.

ఆయన తలెత్తాడు. ఆమె పెదవి చివర నవ్వు, ఉందా లేదా అన్నట్టు.

"తప్పయింది బిడ్డా," అన్నాడు మళ్లీ.

గ్లవ్స్ తొడిగాడు. తాళ్ల మధ్య నుంచి వంగి లోపలికి వెళ్లింది. ఎదుటి మూల నుంచి నాగర్‌కర్నూల్ పిల్ల లేచింది, పొడగరి, ఎడమచేతి వాటం.

గంట మోగింది.

వెంకట్రాములు సార్ అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూడు నీళ్లకూ పోలేదు.

పలచగా, వెచ్చగా...

గంజి వాసన.