జెర్సీ పట్టు

ప్రతి ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు సరస్సు ఒడ్డునున్న ఆ కాలేజీ తన పాత ఐస్ హాకీ ఆటగాళ్ళను పిలుస్తుంది. సరస్సు మీది గాలికి ఊరంతా బిగుసుకుపోయి, వీధి పక్కలకు తోసిన మంచు కిటికీల దాకా పేరుకుని ఉండే రోజులవి. వచ్చినవాళ్ళు ఒకరి బట్టతల మీద ఒకరు జోకులేసుకుంటూ, రింక్ అనే మంచు ఆటస్థలం నడవాలోని గోడ ముందు ఆగుతారు. ఆ గోడ మీద అందరి ఫోటోలూ ఉండవు. ఇక్కడ చదివి, ఇక్కడి మంచు మీద ఆడి, ఆ తర్వాత పెద్ద లీగులో జీతానికి ఆడినవాళ్ళవే ఉంటాయి. కర్ట్ హౌటలా ఫోటో కూడా ఉంది. అందులో అతనికి ఇరవై రెండేళ్ళు. పళ్ళన్నీ సొంతవే.

ఇప్పుడతనికి నలభై ఆరు. కారు నడపడం మానేసి చాలా కాలమైంది. భార్య డెనీస్ తీసుకొచ్చింది. నల్లకళ్ళద్దాలు లోపల కూడా తియ్యడు. దీపాల వెలుగు కంట్లో పడితే ఆ రోజంతా తల పగిలిపోతుంది. ఎదురైన ప్రతివాణ్ణీ "ఏం పెద్దమనిషీ, ఎలా ఉన్నావు?" అంటూ భుజం తడతాడు. ఎంత ఆప్యాయతో అనుకుంటారు అందరూ. పేర్లు గుర్తుండని మనిషి పరువు కాపాడుకునే ఉపాయం అదని డెనీస్‌కి మాత్రమే తెలుసు.

"చెయ్యి ఊపుతావు, భోజనం చేస్తావు, ఇంటికొస్తావు. మంచు మీదకి మాత్రం దిగవు," అని ఆమె కారులోనే మాట తీసుకుంది.

"దిగనులే," అన్నాడు కర్ట్. ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

భోజనాల దగ్గర, మాంసమూ బంగాళాదుంపా కూరిన పాస్టీలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, స్టీవ్ బ్రిసన్ కుర్చీ లాక్కుని పక్కన చేరాడు. చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే జట్టు. స్టీవ్‌ని పెద్ద లీగు పిలవలేదు. ఇక్కడే ఉండిపోయి, ఇప్పుడీ జట్టుకే కోచ్ అయ్యాడు.

"హౌటీ, ఒక సాయం చెయ్యాలిరా. నోలన్ డుఫెక్ అని మా కుర్రాడు. నార్త్ డకోటాలో చక్కెరదుంపల రైతు కొడుకు. తలుపంత మనిషి, మెత్తటివాడు. పెద్ద జట్టు ఒకటి పిలిచింది వాణ్ణి. గోల్స్ కొట్టడానికి పిలవట్లేదని మొహం మీదే చెప్పారట."

"మరి దేనికట?" అంది డెనీస్. ఆమెకు తెలియక కాదు.

"దేనికో కర్ట్‌కి తెలుసు," అన్నాడు స్టీవ్, బల్ల వంక చూస్తూ.

కాలేజీ ఆటలో పిడికిలి ఎత్తితే ఆ ఆటలోంచీ, తర్వాతి ఆటలోంచీ కూడా బయటికి పంపేస్తారు. ముఖానికి నిండా ఇనుప జాలీ ఉంటుంది. పెద్ద లీగులో ఆ జాలీ ఉండదు. ఒళ్ళు భారీగా ఉండి, ఆట అంతంతమాత్రంగా ఉన్న కుర్రాడికి అక్కడ ఒకే ఉద్యోగం దొరుకుతుంది. తన జట్టువాళ్ళ జోలికి వచ్చినవాడి మీదికి చేతితొడుగులు పారేసి వెళ్ళాలి. కొట్టాలి, కొట్టించుకోవాలి. జనం లేచి నిలబడి ఈలలు వేస్తారు. దీన్ని కూడా ఆట అనే అంటారు మరి. ఈ కాలేజీలో చదివిన నాలుగేళ్ళూ కర్ట్ ఒక్కడి మీద కూడా చెయ్యి చేసుకోలేదు. గోల్స్ కొట్టేవాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాడు.

"నీకు సిగ్గుందా స్టీవ్?" అంది డెనీస్. గొంతు పెంచలేదు.

"నేను వద్దన్నా వాడు ఆగడు డెనీస్. ఏమీ తెలీకుండా వెళ్ళి మొహం పగలగొట్టించుకోమంటావా? రేపు పొద్దున ఒక్క గంట చాలు."

కర్ట్ పాస్టీ పక్కకి జరిపాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. మొదటి దెబ్బలాటలోనే కంటి కింద ఎముక విరిగింది. నేర్పకపోతే ఈ కుర్రాడి గతీ అంతే. నేర్పితే వాణ్ణి చేజేతులా అక్కడికి సాగనంపినట్టే. ఇందులో ఏది తప్పో అతనికి తేలలేదు. తేలింది ఒకటే: చాలా ఏళ్ళ తర్వాత ఎవరో తనను ఒక పని అడిగారు. ఈమధ్య అందరూ "కర్ట్ ఎలా ఉన్నాడు?" అని డెనీస్‌నే అడుగుతున్నారు, అతను పక్కనే కూర్చుని ఉన్నా సరే. అది అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

"తీసుకురా," అన్నాడు.

నడవాలోకి వచ్చాక డెనీస్ అతని కోటు బొత్తాలు పెడుతూ అడిగింది. "వాళ్ళమ్మ వస్తోందట రేపు ఆట చూడ్డానికి. ఆవిడకేం చెప్తావు?"

"మొహం ఎలా కాపాడుకోవాలో నేర్పానని చెప్తాను."

"మొహం సంగతి సరే," అంది డెనీస్. ఆఖరి బొత్తాం పెట్టి కారు దగ్గరికి నడిచింది.

మర్నాడు పొద్దున రింక్ ఖాళీగా ఉంది. కర్ట్ చెప్పినందుకు స్టీవ్ సగం దీపాలు ఆర్పించి, మంచు చుట్టూ ఉన్న చెక్క గట్టు దగ్గర నిలబడ్డాడు. డెనీస్ పైన మెట్ల మీద కోటు విప్పకుండా కూర్చుంది. నోలన్ స్కేట్లు కట్టుకుని అప్పటికే మంచు మీద ఉన్నాడు. నిజంగానే తలుపంత ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మీరు నేర్పడం నా అదృష్టం సార్."

"అదృష్టమో కాదో తర్వాత చూద్దాం పెద్దమనిషీ. ఎవణ్ణయినా కొట్టావా ఎప్పుడైనా?"

"మా తమ్ముణ్ణి సార్. చిన్నప్పుడు."

"ఏమైంది?"

"మా అమ్మ నన్ను కొట్టింది."

కర్ట్ నవ్వాడు. స్కేట్లతో, పాత జెర్సీతో మంచు మీద కాలు పెట్టగానే ఒళ్ళంతా తనది అయింది. తల మర్చిపోయినవన్నీ కాళ్ళకి గుర్తున్నాయి. అతనికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం.

"మొదట ఎడమ చెయ్యి. దాంతో వాడి జెర్సీ కుడి భుజం దగ్గర గుప్పెడు పట్టు. వదలకు. వాడి కుడి చెయ్యి వెనక్కి వెళ్ళలేకపోతే ముందుకీ రాలేదు. గడ్డం నీ భుజంలో దాచుకో. కాళ్ళు ఎడంగా పెట్టు. తొందరపడకు, వాడే అలిసిపోతాడు. ఏదీ, నన్ను పట్టుకో."

నోలన్ పట్టుకున్నాడు, గాజు సామాను పట్టుకున్నట్టు.

"నేనేం పెళ్ళికూతుర్నా? గట్టిగా పట్టు."

కుర్రాడు త్వరగానే నేర్చుకుంటున్నాడు. ఊపిరి తీసుకోవడానికి గట్టు దగ్గర ఆగి ఇద్దరూ నీళ్ళు తాగారు. మళ్ళీ మధ్యలోకి వచ్చారు. కర్ట్ జెర్సీ సర్దుకున్నాడు.

"సరే, మొదట ఎడమ చెయ్యి సంగతి చూద్దాం. దాంతో వాడి జెర్సీ..."

నోలన్ ముఖంలో ఏదో కదిలింది. కోపం కాదు, విసుగు కాదు. ఓపిక. మొదటిసారి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని, తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ ముఖం కర్ట్‌కి తెలుసు. ఇంట్లో రోజూ చూస్తున్న ముఖమే అది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇది ఇందాక చెప్పాను కదూ?"

"లేదు సార్."

"నీకు అబద్ధం చేతకాదు. ఎన్నిసార్లు చెప్పాను?"

నోలన్ స్టీవ్ వైపు చూశాడు. స్టీవ్ స్కేట్ల గీతలు చూస్తున్నాడు. మెట్ల మీద డెనీస్ కదల్లేదు.

"నిజం చెప్పు నాయనా."

"మూడుసార్లు సార్."

రెండోసారి కాబోలు అనుకున్నాడు కర్ట్. మధ్యలో ఒక పాఠం పాఠమంతా ఎటు పోయిందో వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. సిగ్గుతో అతని ముఖం కాలిపోయింది. ఒక్క జోకు వేసి దాటెయ్యొచ్చు, కుర్రాడు కూడా నవ్వేస్తాడు. మధ్యాహ్నం వాళ్ళమ్మతో కరచాలనం చేసి, గోడ మీద ఫోటో పక్కన నిలబడి, ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే.

కళ్ళద్దాలు తీశాడు. వెలుగు లోపలికి దిగి పొడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

"నువ్వు ఇప్పుడు చూసింది ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? ఈ పట్టు పట్టుకుని నేను చాలామందిని గెలిచాను. గెలిచిన రోజు కూడా తలకి తగిలేది. ఒక్కసారి కూడా కింద పడలేదు నేను. జనం కేకలు వేసేవాళ్ళు. పడితే ఏమనుకుంటారోనని నిలబడేవాణ్ణి."

నోలన్ అతని చేతిలోని కళ్ళద్దాల వంక చూశాడు.

"ఆ జట్టు ఒప్పందం మీద సంతకం పెట్టొద్దని నేను చెప్పను. నాకు చెప్తే నేను విన్నానా? కానీ ఒకటి నేర్చుకో. కింద పడటం. ఇద్దరిలో ఎవడు పడినా రిఫరీలు మధ్యలోకి వచ్చేస్తారు. పడ్డవాణ్ణి కొడితే కొట్టినవాడికే పరువు పోతుంది. నాకిది మొదటి ఏడాదే తెలుసు. తెలిసీ చెయ్యలేదు."

"పడిపోతే నవ్వుతారు కదా సార్?"

"నవ్వుతారు."

"నన్ను తీసేస్తారేమో."

"తీసేస్తారు. అప్పుడు మీ ఊరికి పోయి, మీ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలువు. పట్టుకో నన్ను. రెండు చేతులూ. ఇప్పుడు మోకాళ్ళు సడలించు."

ముందు తానే మోకాలు మడిచాడు. రెండు భారీ శరీరాలూ నెమ్మదిగా ఒరిగి మంచు మీద కూలబడ్డాయి. డెనీస్ మెట్లు దిగుతూ పరుగెత్తుకొచ్చింది. గట్టు దగ్గర ఆగింది. అతను చెయ్యెత్తి బాగానే ఉన్నానన్నాడు. ఆమె గట్టు అంచు పట్టుకుని అక్కడే నిలబడింది.

"లే. మళ్ళీ," అన్నాడు కర్ట్.

మళ్ళీ పడ్డారు. ఈసారి నోలనే ముందు పడ్డాడు, అతన్ని కూడా లాక్కుని. పడుతున్నప్పుడు అరచెయ్యి కర్ట్ తల కింద పెట్టాడు. అలా చెయ్యమని అతనికెవరూ చెప్పలేదు. ఇద్దరూ కాసేపు అలాగే పడి ఉన్నారు, ఆయాసంతో.

"ఇది కూడా ఇందాక చెప్పానా?" అడిగాడు కర్ట్.

"లేదు సార్. ఇది మొదటిసారే."

కర్ట్ ఆ ముఖంలోకి చాలాసేపు చూశాడు. కుర్రాడు నిజమే చెప్తున్నాడు.

"అయితే నువ్వు గుర్తుపెట్టుకో," అన్నాడు. "నాకు గుర్తుండదు."