డాక్టరుగారి ఫోన్లో మాత్రం

మా కోడలు ఇంట్లోనే కూర్చుని వెబ్ పేజీలు తయారుచేస్తుంది. ఈసారి ఒక కంటి ఆసుపత్రికి చేసింది. రోగులు తేదీ ఎంచుకుని బటన్ నొక్కితే అపాయింట్‌మెంట్ దొరకాలి. తన కంప్యూటర్లో నిక్షేపంగా పనిచేసింది. తీరా అప్పగించాక ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేశాడు. పాత ఫోన్లలో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదట. సాయంత్రం డాక్టరుగారు స్వయంగా చూస్తారట. అప్పటికి బాగుపడకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట.

ఇంట్లో పాత ఫోను నాదే.

"నొక్కండి అత్తయ్యా."

"నొక్కాను. రాయిలా ఉంది."

"మీ ఫోన్లో బ్రౌజరు పాతది. నేను రాసినదాంట్లో దానికి తెలియని మాట ఒక్కటుంటే చాలు, మొత్తం వదిలేస్తుంది."

"ఒక్క మాటకి అలిగి పెళ్ళిలోంచి లేచిపోయిన వియ్యంకుడిలాగా?"

కోడలు నవ్వింది. ఆ రోజు నవ్వింది ఆ ఒక్కసారే.

కొత్త మాటలు తీసేసి పాతవి పెట్టింది. మధ్యాహ్నానికి నా ఫోన్లో బటన్ పలికింది. ఆ సంతోషం అన్నం తినేదాకా కూడా నిలవలేదు. మేనేజరు మళ్ళీ చేశాడు.

"అమ్మా, ఇప్పుడు డాక్టరుగారి ఫోన్లో తేదీలే రావట్లేదు. అంతా ఖాళీ."

"కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది," అంది కోడలు. "పాత ఫోన్ల కోసం తేదీ రాసే పద్ధతి మార్చాను. ఆయనది వేరే కంపెనీ ఫోనట, ఆ పద్ధతి ఒప్పుకోవట్లేదు. అలాంటి ఫోన్ మనకి లేదు, ఎలా చూడను?"

పక్కింటి కుట్టుపని ఆవిడకి ఆ కంపెనీ ఫోనే ఉంది. వెళ్ళి అడిగాను.

"ఫొటోలు మాత్రం చూడకండి వదినగారూ, నేను ఒళ్ళు తగ్గకముందువి," అంటూ ఇచ్చింది.

కోడలు అందులో పేజీ తెరిచింది. తేదీలన్నీ చక్కగా వచ్చాయి.

"హమ్మయ్య!" అన్నాను.

"హమ్మయ్య కాదత్తయ్యా. తప్పు కనిపిస్తేనే కదా పట్టుకునేది! ఇది కొత్తది. ఆయనది ఎప్పటిదో."

మేనేజరుని అడిగితే, డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు, ఫోను ఆయన గదిలో తాళం వేసి ఉందన్నాడు.

ఇక ఊహించి మార్చడమే. ఒకటి మార్చి, అది కాదేమోనని ఇంకొకటి మార్చింది. నేను పక్కనే నిలబడ్డాను.

"కాఫీ పెట్టనా?"

"వద్దు."

"ఫ్యాను పెంచనా?"

"అత్తయ్యా, కాసేపు..." అని ఆగిపోయింది. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

సాయంత్రం మేనేజరు చేశాడు. "సార్ చూశారమ్మా. తేదీలు రాలేదు. ఇక మీరు శ్రమపడకండి."

"ఆ ఫోను ఎప్పటిదో ఒక్కసారి చూసి చెప్పండి సార్," అంటోంది కోడలు. అతను అప్పటికే పెట్టేశాడు.

"అది ఒక్క నిమిషం నా చేతికొస్తే చాలు అత్తయ్యా," అంది తలెత్తకుండా.

ఎక్కణ్ణుంచి తేను? పక్కింటావిడ ఫోను ఇచ్చేయాలని లేచాను.