ఎడమచేతి అతుకు

జుమానకు పద్దెనిమిదేళ్లు నిండి, రెండో ప్రయత్నంలో లైసెన్సు చేతికొచ్చాక ఆమె తండ్రి మిథ్‌ఖాల్ పదకొండు కార్లు చూశాడు. పదకొండింటికీ ఏదో ఒక వంక పెట్టాడు.

అమ్మాన్ నగరం దగ్గరి జర్ఖాలో అతను పాతికేళ్లుగా కార్ల బాడీ పని చేస్తున్న మేస్త్రి. గుద్దుకుని నుజ్జయిపోయిన బండికి సొట్టలు తీసి, లప్పం పెట్టి, రంగు కొట్టి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి నిలబెట్టడం అతని విద్య. అందుకే ఏ బండి పైమెరుపునూ నమ్మడు. శుక్రవారం సంతలో జనమంతా టైర్లను తన్ని చూస్తుంటే, అతను గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల మీద మెల్లగా జరుపుతాడు. అది పట్టు వదిలిన చోట రంగు కింద లప్పం ఉన్నట్టే. సీటు బెల్టును కొసదాకా లాగి, దానికి కుట్టిన చీటీ మీద ఏడాది చదువుతాడు. కారు కంటే బెల్టు కొత్తదైతే ఆ కారు ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నట్టే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకేశారని అర్థం.

"నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఇంతసేపు చూశావా?" అంది భార్య ఇన్‌ఆమ్, పన్నెండో కారు కోసం బయల్దేరుతున్న అతనికి కోటు అందిస్తూ. "కాఫీ సగం తాగి సరేనన్నావు."

"నిన్ను మఫ్రక్ రోడ్డు మీద లారీల మధ్య వదిలిపెట్టాల్సిన పని లేదు కదా."

జుమాన నర్సింగు చదువు మఫ్రక్‌లోనే. రెండు బస్సులు మారి, ఆ పైన కిలోమీటరు నడిచి వెళ్లాలి. చలికాలంలో ఆమె ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలుగుతాయి. కారు కొనిస్తానని తండ్రే మాటిచ్చాడు. కానీ ఆమె మనసు పడ్డది ఒక చిన్న ఎర్ర బండి మీద. దాన్ని చూసి మిథ్‌ఖాల్, "ఇది కారు కాదు నాన్నా, లిప్‌స్టిక్ డబ్బా. లారీవాడు తుమ్మినా రోడ్డు దిగిపోతుంది" అన్నాడు. అప్పటి నుంచి రెండు రోజులు ఆమె అతనితో ముక్తసరిగానే మాట్లాడింది.

పన్నెండో కారు పక్క ఊరు రుసైఫాలో ఉంది. యజమాని పేరు ఔనీ, రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. తెల్లటి పెద్ద కారు, లోపల దుమ్ము కూడా లేదు. తనిఖీ కాగితంలో ఛాసిస్ నాలుగు మూలలకూ నాలుగు 'బాగు'లు వరసగా ఉన్నాయి. జారే రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. బెల్టుల మీద ఏడాది కారు ఏడాదితో సరిపోయింది. ఔనీ సేజ్ ఆకు వేసిన టీ తెచ్చి, జుమానను ఆమె చదువు గురించి అడిగాడు. ఎడమవైపు స్టీరింగు ముందు కూర్చున్న జుమాన అద్దం సర్దుకుని, ఇక దిగనన్నట్టు తండ్రి వైపు చూసింది.

"ఒక్క నిమిషం. కింద కూడా చూస్తా" అన్నాడు మిథ్‌ఖాల్. అట్టముక్క పరుచుకుని, టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు.

కింద అంతా నల్లటి పూత. నున్నగా, ఎక్కడా తేడా లేకుండా ఉంది. ముందు కుడివైపు బరువును మోసే ఛాసిస్ దూలం దగ్గర అతని చెయ్యి ఆగింది. గోటితో గీకాడు. పూత పెళ్లగా ఊడి, కింద వెల్డింగ్ అతుకు కనిపించింది. చిన్న చిన్న చుక్కలు, అన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. మిథ్‌ఖాల్ ఎడమచేతివాటం మనిషి. జర్ఖాలో అలా ఒరిగే అతుకు వేసేది అతనొక్కడే.

అతనికి గుర్తొచ్చింది. ఐదారేళ్ల కిందట కార్ల వ్యాపారి ఒకడు ముందు భాగం మెలిదిరిగిపోయిన తెల్ల బండిని లాక్కొచ్చాడు. "అతికించు, నల్ల పూత కొట్టు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. మిథ్‌ఖాల్ అతికించాడు. పూత కూడా కొట్టాడు. ఆ బండి ఎవరింటికి పోతుందోనని ఆ రోజు అతనికి తట్టనైనా లేదు. పని బాగా కుదిరిందని మాత్రం సంతోషించాడు.

జుమాన దిగి వచ్చి, కొత్త కోటు మాసిపోతుందన్న ధ్యాస కూడా లేకుండా అతని పక్కన వెల్లకిలా పడుకుంది.

"ఏం కనిపించింది నాన్నా?"

అతను టార్చి వెలుగును అతుకు మీద నిలిపాడు. "ఇది విరిగిన దూలం. ఇంకో గుద్దు తగిలితే ముడుచుకోవాల్సిన చోట ముడుచుకోదు, ఇక్కడ చీలిపోతుంది."

"మరి కాగితంలో బాగుందని రాశారుగా?"

"అతికించినవాడు పనితనం ఉన్నవాడు. వాళ్లకి దొరకలేదు." గోటికి అంటిన నల్ల పూత తుడుచుకుని, "అతికించింది నేనే" అన్నాడు.

జుమాన ఆ అతుకును వేలితో తడిమింది. బయట ఔనీ అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

"ఇలాంటివి ఎన్ని చేశావు?"

"ఎన్నో. గుర్తుపెట్టుకోలేదు."

"ఇంకా చేస్తున్నావా?"

"నీకు లైసెన్సు వచ్చాక ఒకటి వచ్చింది. చెయ్యనని పంపేశా. ఎందుకని వాడు అడిగితే చెప్పలేకపోయాను."

ఆమె తన చెయ్యి తీసి అతని మోచేతి మీద వేసింది. "మాస్టారికి చెబుతావా, నేను చెప్పనా?"

బండి నచ్చలేదని ఒక్క ముక్క అనేసి ఇంటిదారి పట్టొచ్చు. మిథ్‌ఖాల్ ఆ సంగతి ఆలోచించలేదనడం అబద్ధమవుతుంది. కానీ కూతురు చెప్పడం, తను పక్కన నిలబడి వినడం అనే ఊహ అతనికి అంతకంటే కష్టంగా తోచింది. బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"మాస్టారూ, ముందు కుడివైపు ఛాసిస్ విరిగి అతుకు పడింది. ఈ బండి మీరు ఎవరికీ అమ్మకండి, మీరూ నడపకండి."

ఔనీ మొహం గట్టిపడింది. "నలభై ఏళ్లు పిల్లల సాకులు విన్నవాణ్ణి మేస్త్రీ. ధర తగ్గించాలంటే తిన్నగా అడగండి. కాగితం చూశారు కదా?"

"కాగితం రాసినవాళ్లు మోసపోయారు. ఆ అతుకు నా చేతిది."

ఔనీ చేతిలోని టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. కాసేపటికి తనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

"కుడివైపా?" అన్నాడు.

"అవును."

"మా ఆవిడ అటే కూర్చునేది. నాలుగేళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి అమ్మాన్ తీసుకెళ్లాను. వానైనా, మంచు పడినా. ఆవిడకి స్పీడంటే భయం. నేనేమో, ఇది గట్టి బండి, ఏమీ కాదు అంటూ ధైర్యం చెప్పేవాణ్ణి." తలెత్తాడు. "ఆవిడ పోయింది జబ్బుతోనే, పోయినేడు. మీ అతుకుతో కాదు. అయినా ఈ మాట నేను వినకుండా ఉంటే బాగుండేది."

మిథ్‌ఖాల్ తప్పయిపోయిందని అనబోయాడు గాని, ఆ మాట మరీ చిన్నదిగా తోచింది. జుమాన వెళ్లి ఔనీ పక్కన మెట్టు మీద కూర్చుని, "ఆంటీ పేరేంటి మాస్టారూ?" అని అడిగింది.

"సుబ్‌హియా" అన్నాడాయన. తర్వాత చాలాసేపు ఆవిడ గురించే చెప్పాడు. ఆస్పత్రిలో పక్క మంచాల వాళ్లందరికీ వంటలు నేర్పేదట. అక్కడి నర్సులు ఆవిడ దగ్గర వంకాయ మక్లూబా అన్నం వండటం నేర్చుకున్నారట. మిథ్‌ఖాల్ నిలబడే విన్నాడు.

వెళ్లేముందు అన్నాడు, "బండిని లాగించుకుని నా షెడ్డుకి తీసుకెళ్తాను. ఆ దూలం మొత్తం తీసేసి, కంపెనీవాళ్లు వేసిన అసలు అతుకు దగ్గర నుంచి సరైనది వేస్తాను. నాకేమీ ఇవ్వొద్దు."

"ఇవ్వను" అన్నాడు ఔనీ.

ఆ పని పూర్తవడానికి మూడు వారాలు పట్టింది. కాలేజీ లేని రోజుల్లో జుమాన వచ్చి దీపం పట్టుకునేది. ఔనీ కూడా వచ్చి, కుర్చీ వేసుకుని, ఏ చుక్క ఎక్కడ పడుతోందో పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు చూసేవాడు. మొదటి వారం మిథ్‌ఖాల్‌తో పలకలేదు. రెండో వారంలో వెల్డింగ్ వేడి గురించి తప్పు పట్టాడు. మూడో వారంలో ఇన్‌ఆమ్ పంపిన జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టెలు ముగ్గురూ కలిసి తిన్నారు. తనిఖీకి వెళ్లినప్పుడు దూలం మార్చిన చోటును మిథ్‌ఖాల్ తనే చూపించి రాయించాడు. కాగితంలో మూడు 'బాగు'లే మిగిలాయి.

"ఇప్పుడు దీని సంగతి నాకు పూర్తిగా తెలుసు. ఇక అమ్మను" అన్నాడు ఔనీ. తర్వాత జుమాన వైపు తిరిగి, "నీకు మాత్రం నేనే చూస్తానమ్మా. మా ఊళ్లో సగం మంది నా చేత తిట్లు తిన్నవాళ్లే" అన్నాడు.

అలా దొరికింది పదమూడో కారు. ఔనీ దగ్గర చదువుకుని ఇప్పుడు ఫార్మసీ నడుపుతున్న ఒకావిడ తండ్రిది. చూపు మందగించి పెద్దాయన నడపడం మానేశాడు. సీసా ఆకుపచ్చ రంగు, బరువైన ఒళ్లు. వేగంలో దూకుడు లేదు గాని, మంచి బ్రేకులు, అన్ని ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. మిథ్‌ఖాల్ మూడు గంటలు వెతికితే దొరికింది వెనక బంపరు మీద ఒక గీత, దశాబ్దం ఎండకు వెలిసిన అసలు రంగు. అంతే.

"ఇది తాతలు నడిపే కారు" అంది జుమాన నీరసంగా.

"ఎనభై రెండేళ్లు వచ్చేదాకా నడిపాడు కదా ఆయన" అన్నాడు మిథ్‌ఖాల్.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

అతను నాలుగు టైర్లూ కొత్తవి వేయించాడు. ఊరి బయట ఖాళీ మైదానంలో నేలంతా నీళ్లు చల్లి, వేగంగా వస్తూ ఒక్కసారిగా బ్రేకు తొక్కమన్నాడు. భయంతో ఆమె మొదటిసారి సగమే తొక్కింది. ఏడోసారికి పూర్తిగా తొక్కి, బండి తిన్నగా ఆగాక, "ఇంకోసారి" అంది.

సెమిస్టరు మొదటి రోజు పక్క సీట్లో మిథ్‌ఖాల్ కూర్చున్నాడు. నోరు విప్పకూడదన్నది ఆమె పెట్టిన షరతు. మొదటి పదిహేను నిమిషాలూ అతని కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఇసుక లారీ ఒకటి పక్కనుంచి దూసుకెళ్లింది. జుమాన వేగం తగ్గించి, దానికి దారిచ్చి, మళ్లీ మెల్లగా వేగం పెంచింది. ఆమె పెదవులు బిగించి ఉన్నాయి, చేతులు మాత్రం వదులుగానే ఉన్నాయి. అతను దాన్ని గమనించాడు. ఆ తర్వాత ఏం గమనించాడో అతనికి తెలియదు. వేరొకరు నడిపే బండిలో అతను కునుకు తీసింది అదే మొదటిసారి.

మెలకువ వచ్చేసరికి ఇంజను ఆగి ఉంది. అద్దం అవతల యూనివర్సిటీ గేటు, గుంపులుగా వెళ్తున్న పిల్లలు. అతని మెడ కింద ఎవరో మఫ్లరు మడిచి పెట్టారు. జుమాన స్టీరింగుకు పుస్తకం ఆనించుకుని ఎముకల బొమ్మలు చదువుకుంటోంది.

"వచ్చి ఎంతసేపైంది?" అని అడిగాడు.

"ఇరవై నిమిషాలు."

"లేపొచ్చుగా, క్లాసుకి ఆలస్యం కాదూ?"

"ఇంకా పది నిమిషాలుంది నాన్నా, పడుకో" అని ఆమె పేజీ తిప్పింది.