మాట పోయిన టీవీ

ఆ శుక్రవారం నర్సింగ్ దగ్గర ఉన్నవి ఊరికి పోయే టికెట్ డబ్బుతో కొన్న పెద్ద టీవీ, నలభై కుర్చీలు, రెండు గంపల మిర్చి బజ్జీలు. ఖతర్‌లో, లుసైల్‌లోని కొత్త స్టేడియంలో తొలి ఫుట్‌బాల్ మ్యాచ్ లైవ్ వస్తుందంటే, ఇండస్ట్రియల్ ఏరియాలోని అతని హోటల్ లేబర్ క్యాంపు మనుషులతో నిండిపోయింది.

ఆట మొదలైన కాసేపటికే టీవీలో బొమ్మ ఉంది గానీ మాట పోయింది. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టినా రాలేదు.

"మూగ ఆట ఏం జూస్తం నర్సన్నా? పక్క హోటల్కు పోతం," అంటూ ఇద్దరు లేచారు. వాళ్ల వెనకే అందరూ లేస్తారేమోనని నర్సింగ్ బజ్జీల గంప పట్టుకుని వాళ్లకు అడ్డం వెళ్లాడు.

అంతలో ఆ స్టేడియం కట్టడంలో రెండేళ్లు పనిచేసిన రాజేశం తెరవైపు వేలు చూపించాడు. "అగో, గోల్ ఎనకాల మెట్లున్నయి గదా, అవి మేం పోసినయే. ఇయ్యాల ఆ షేకు కూసున్న కాడనే నేను రోజు సద్ది దిన్న."

అందరూ నవ్వారు. లేచినవాళ్లు కూర్చున్నారు. బంతి ఎటు పోతే రాజేశం కథ అటు పోయింది.

విరామం తర్వాత టీవీకి మాట తిరిగొచ్చింది, అరబ్బీ కామెంటరీ మొదలైంది.

"ఆ అరబ్బీ బంద్ జెయ్యి నర్సన్నా, రాజేశం కాకను చెప్పనీ," అన్నారు ఇందాక లేచినవాళ్లే.

నర్సింగ్ శబ్దం తీసేశాడు. ఆట ముగిసేసరికి బజ్జీ ఒక్కటీ మిగల్లేదు, కుర్చీ ఒక్కటీ ఖాళీ కాలేదు. పైగా, ఒక పూట భోజనం పెడితే చాలు, రాబోయే మ్యాచ్‌లన్నిటికీ కథ చెప్పే మనిషి దొరికాడు.