పదిహేడో నంబరు హాజరు

మైకు "గిరిబాబు" అని మూడోసారి పిలిచింది. ఎవరూ లేవలేదు.

తనిఖీకి వచ్చిన మేడమ్ చేతిలో శాలువా అలాగే ఉంది. ప్రిన్సిపాల్ శ్రీనివాసరావు నవ్వు మాత్రం మెల్లగా జారిపోతోంది. కరోనా తర్వాత పిల్లలు కాలేజీ మొహం చూడటం లేదని అందరూ గగ్గోలు పెడుతుంటే, ఈ బిలాస్‌పుర్ కాలేజీలో ఒక కుర్రాడికి తొంభై ఎనిమిది శాతం హాజరు! "మన కాలేజీ, మన ఇల్లు" పథకానికి అతడే సాక్ష్యం. ఆ సాక్ష్యమే ఇప్పుడు పత్తా లేదు.

మూడో వరసలో భవిత చెమట తుడుచుకుంది. ఆమె బ్యాగులో పొద్దున అందిన నోటీసు ఉంది. హాజరు సున్నా, హాల్‌టికెట్ లేదు. రాజ్‌కిశోర్ నగర్ నుంచి రోజూ రెండు ఆటోలు మారి వచ్చే పిల్లకి సున్నా! క్లాసంతటికీ అదే నోటీసు. పిల్లలకి శ్రద్ధ పోయిందని నిట్టూర్చి ప్రిన్సిపాలే సంతకం పెట్టాడు.

అసలు సంగతి భవితకి తెలుసు. లాక్‌డౌన్‌లో శ్రీనివాసరావు ఇంట్లో కూర్చుని రికార్డు చేసిన పాఠాలనే ఇప్పటికీ క్లాసులో టీవీ మీద వేస్తారు. ఆ రికార్డులో పాఠానికి ముందు ఆయన ఆనాటి పిల్లల హాజరు పిలుస్తాడు. వెనక కుక్కరు కూత పెడుతుంది. టీవీ వేసే అటెండరు పైడిరాజు ఏటా ఆ పేర్లతోనే కొత్త రిజిస్టరు రాస్తాడు. సారు పిలిచే పేర్లు రిజిస్టర్లో లేకపోతే తప్పు కదా!

పదిహేడో నంబరుకి తన పేరు కాక గిరిబాబు పేరు పిలిచారేమని భవిత మొదటిరోజే అడిగింది.

"పేరుతోటి ఏటి పనమ్మా, పదిహేడూ? నెంబరు నీదే గదా. పలికెయ్," అన్నాడు పైడిరాజు.

ఏడాదంతా పలికింది.

ఇప్పుడు శ్రీనివాసరావు మైకు లాక్కున్నాడు. రోజూ వచ్చేవాడు ఈరోజే లేడంటే గిరిబాబు పేరుతో ఎవరో దొంగ హాజరు వేయించుకున్నారని, ఆ దొంగని ఈరోజే కాలేజీ నుంచి గెంటేస్తానని ఉరిమాడు. పైడిరాజు తలెత్తి ఫ్యాన్లు లెక్కపెడుతున్నాడు. మేడమ్ మాత్రం ఫైలు తిరగేసి, ఉద్యోగాలొచ్చిన పూర్వ విద్యార్థుల జాబితాలో వేలు ఆపింది. గిరిబాబు డిగ్రీ పుచ్చుకుని వెళ్లి రెండేళ్లు. గూడ్సు రైళ్లు నడుపుతున్నాడు.

"చుప్ బైఠ్ యార్," అని పక్కనున్న ప్రత్యూష, లేవబోతున్న భవిత చున్నీ పట్టుకు లాగింది.

నోరు మూసుకుంటే పరీక్ష లేదు. తెరిస్తే కాలేజీయే లేదు. ఎటూ పోయేదే అయితే మాట్లాడే పోదామని భవిత వేదిక ఎక్కింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు శ్రీనివాసరావు. ఏడాదిలో ఆమెని ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"భవిత, సార్. పదిహేడో నంబరు. గిరిబాబు పేరుకి పలికింది నేనే."

మేడమ్ ఆయన్ని చేత్తో వారించి, రోజూ ఆ పేరు పిలిచింది ఎవరని హిందీలో అడిగింది.

భవిత మైకు దగ్గరికి లాక్కుంది.

"మా ప్రిన్సిపాల్ శ్రీనివాసరావు సారే, మేడమ్."