లైవు గ్రహణం

గురుమూర్తి మామిడి మండీ పెట్టి దెబ్బతిన్నాక బడి పెట్టాడు. మండీలో కాయ కుళ్లితే గల్లా పట్టుకుని అడిగేవాళ్లుంటారు. బడిలో ఆ బెడద లేదు. గురుబరపల్లి దాటాక హైవే పక్కన మేడ కట్టించి, గులాబీ రంగు కొట్టించి, మెట్రిక్యులేషన్ స్కూలని బోర్డు తగిలించాడు. మా కృష్ణగిరి పక్క ప్రైవేటు బడి యజమానిని కరస్పాండెంటు అంటారు. ఆ మాట ఆయన నెత్తికి ఎంతగా ఎక్కిందంటే, ఇంట్లో పెళ్లాం కూడా "కరస్పాండెంటుకు కూడు పెట్టాల" అని వంటమనిషితో చెప్పేది.

రెండువేల ఎనిమిదిలో బళ్లు తెరిచే ముందు ఆయన హోసూరు పోయి, అక్కడేదో పెద్ద బడిలో తెర మీద పాఠం నడవడం చూసి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే సైన్సు టీచరు పుష్పావతిని పిలిపించాడు.

"పుష్పావతమ్మా, లోకంలో ఉండే సైన్సంతా నెట్టులో వీడియోలుగా పడి ఉండాదంట. ఊరికే. ఇంక నీకు ల్యాబు ఎందుకు?"

"పిల్లోళ్లు చేత్తో చేసి చూడాల కదా సార్."

"చేత్తో చేస్తే గాజు పగులుతుంది. వీడియోలో ఏమీ పగలదు."

ఆ వారంలోనే ల్యాబు ఖాళీ అయింది. అందులోని పొడుగు బల్లలు ఆయన కూతురి పెళ్లి భోజనాలకు పోయి తిరిగి రాలేదు. ఖాళీ గదిలో తూర్పు గోడకు తెల్ల తెర కట్టారు. మధ్యలో స్టూలు మీద ప్రొజెక్టరు పెట్టారు. ఫీజులో 'ఆన్‌లైన్ సైన్స్' అని ఒక వరస కొత్తగా చేరింది.

వీడియో ఎలా నడిచేదో చెప్పాలి. తెర మీద ఒక దొర కనబడి, ఉచ్ఛ్వాస నిశ్వాసాల గురించి చెప్పబోయి నోరు తెరిచేవాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేది. అతని ముఖం మీద ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టేది. పిల్లలు చేతులు కట్టుకుని ఆ చక్రాన్నే చూసేవాళ్లు. కాసేపటికి దొర ఇంకో రెండు మాటలు అనేవాడు. మళ్లీ చక్రం. పదో తరగతిలో చదివే చైత్రను వాళ్ల అవ్వ, "ఈ పొద్దు ఏమి నేర్చుకుంటివే?" అని అడిగితే, "చక్రం తిరిగిందవ్వా, రేపు కూడా తిరుగుతుందంట" అని చెప్పింది. చైత్ర నాయన నాగన్న మా జిల్లా పోచంపల్లి సంతలో గొర్రెలు తోలి అమ్మి, ఆ దుడ్డు తెచ్చి ఈ చక్రానికి కట్టినవాడు.

పుష్పావతి ఇవన్నీ చూస్తూ పళ్లు కొరుక్కుని ఉండడానికి కారణం ఉంది. ఆమె డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు గురుమూర్తి బీరువాలో ఉన్నాయి. చేరిన రోజునే టీచర్ల దగ్గర ఒరిజినల్స్ తీసి పెట్టుకోవడం ఇలాంటి బళ్లలో మామూలు. మేకల మందలో ఒకదాని కాలికి కట్టె కడితే మిగతావి ఎక్కడికీ పోవు. ఈయన అందరి కాళ్లకూ కట్టాడు. ఇప్పుడు ఆమెకు సర్కారు ఉద్యోగం పిలుపు వచ్చింది. సోమవారం కృష్ణగిరిలో ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే ఆ పిలుపు వెనకున్నవాళ్లకు పోతుంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఏ దేవుడికీ తెలియదు.

ఆమె అడిగింది. మళ్లీ అడిగింది. గురుమూర్తి పంటి సందులో పుల్ల ఆడిస్తూ, "చూస్తాంలేమ్మా" అన్నాడు. ఇస్తానని కాదు, ఇవ్వనని కాదు. మండీలో రైతులకు చెప్పిన మాటే అది.

ఆ శుక్రవారం సాయంత్రం సూర్యగ్రహణం. సరిగ్గా పదో తరగతి స్పెషల్ క్లాసు వేళకు పడుతుంది. పుష్పావతి ముందురోజు ఆఫీసు గదికి పోయి చెప్పింది.

"పిల్లోళ్లను బయట నిలబెట్టి గ్రహణం బొమ్మ గోడ మీద పడేటట్టు చూపిస్తాను సార్. సూర్యుని పక్క ఎవురూ నేరుగా చూడరు."

గురుమూర్తి పుల్ల తీసేశాడు. "గ్రహణం ఎండలో పిల్లోళ్లను నిలబెడతావా? రేపు ఎవునికన్నా జొరమొస్తే ఫీజు ఎవురు కడతారు? మా ఇంట్లో గ్రహణం విడిచి నీళ్లు పోసుకునేదాకా గుక్కెడు నీళ్లు తాగం, తెలుసా?"

"తెలుసు సార్."

"చైనా నుంచి నెట్టులో లైవు వస్తుందంట. దాన్ని తెర మీద ఎయ్యి. గ్రహణం చూసినట్టూ ఉంటుంది, గ్రహణం తగలకుండానూ ఉంటుంది." తన తెలివికి తనే మురిశాడు. "పేపరాయన్ను పిలుస్తా. తల్లిదండ్రులను పిలుస్తా. లైవు సరిగ్గా వచ్చిందంటే ఆ పొద్దే నీ సర్టిఫికెట్లు నీ చేతిలో పెడతా. రాలేదంటే..."

ఆ తరువాతి మాట చెప్పకుండా మళ్లీ పుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయనే దగ్గరుండి ఆ గదిని మూయించాడు. పడమటి కిటికీ తలుపులు బిగించారు. పైన వెంటిలేటరుకు పాత మామిడి అట్టపెట్టెలు విప్పి అడ్డం పెట్టి మేకులు కొట్టించాడు. గుమస్తా ప్రసాదు నిచ్చెన ఎక్కి కొడుతుంటే, కింద నిలబడి వేలు చూపిస్తూ, "గ్రహణం దూరడానికి చీమంత సందు ఉండగూడదు" అన్నాడు. ఒక మేకు వంకర పోయింది. పీకించి పక్కన ఇంకోటి కొట్టించాడు. అట్టకు పడిన బొక్క అట్టకే ఉండిపోయింది.

సాయంత్రానికి తల్లిదండ్రులు వచ్చారు. నాగన్న తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని గోడవారగా నిలబడ్డాడు. కృష్ణగిరి నుంచి పేపరు శశికుమార్ కెమెరాతో దిగాడు. అందరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. గ్రహణం పూట ఏమీ తాగగూడదని గురుమూర్తి చెప్పాడు. శాస్త్రమూ నిలిచింది, టీ ఖర్చూ మిగిలింది.

ఇక్కడ గదిలో పుష్పావతి వీడియో పెట్టింది. నల్లటి ఆకాశం, ఎవరో చైనా మాటలు, తరువాత చక్రం. పిల్లలు చేతులు కట్టుకున్నారు. చక్రం బాగా తిరిగి తిరిగి, చటుక్కున మాయమైంది. ప్రొజెక్టరు, ఫ్యాను, బయట మోటారు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆ ఏడాది మా జిల్లాలో కరెంటు పోవడానికి గ్రహణమే అక్కరలేదు.

ఇన్వర్టరు ఉంది. దాని బ్యాటరీ లేదు. కరస్పాండెంటమ్మ సీరియళ్లకు అంతరాయం కలుగుతోందని కిందటి నెలలో గురుమూర్తే దాన్ని ఇంటికి మోయించాడు. మోయించినాయన మరిచిపోయాడు గాని, మోసిన ప్రసాదు భుజానికి, చూసిన పుష్పావతికి గుర్తుంది.

పుష్పావతి ప్రొజెక్టరు పక్క బెంచీ అంచున కూర్చుంది. సర్టిఫికెట్లు పోయాయి, సోమవారం పోయింది అనుకుంది. ఊరికే ఉండలేక ప్రొజెక్టరు మూత తీసుకుని దాని కంటికి బిగించింది.

చీకట్లో చైత్ర గొంతు వినిపించింది. "మేడం, తెర మీద ఏమో పడింది."

తెర మీద, నడుమెత్తున, నిమ్మకాయంత వెలుగు. అయితే గుండ్రంగా లేదు. ఎవరో ఒక పక్క కొరికి పెట్టిన ఒబ్బట్టులాగా ఉంది.

పుష్పావతి తల తిప్పి వెంటిలేటరు చూసింది. అట్టకు చుక్కంత బొక్క, అందులోంచి కడ్డీలాగా ఎండ. లేచి నిలబడింది.

"ఎవురూ కదలొద్దండి. అది సూర్యుడు."

"యాడి సూర్యుడు మేడం? చైనాదా?"

"మనదే. కొండకు పోతా ఉన్నాడే, ఆయనే. చిన్న బొక్కలోనుంచి దూరి వచ్చి ఆయన బొమ్మ ఆయనే గీసినాడు. ఆ కొరికినట్టు ఉండేది చంద్రుడు అడ్డం వచ్చినందుకు. బొక్క పక్క కండ్లు ఎత్తొద్దండి, తెర పక్కే చూడండి."

చైత్ర లేచి వచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. కొరికిన సూర్యుడు ఆమె అరచేతిలో నిలబడ్డాడు. ఇంకొకరు తెల్ల కాగితం పట్టారు. కాగితాన్ని బొక్క పక్కకు తెస్తే సూర్యుడు చిన్నవాడయ్యాడు, తెర పక్కకు జరిపితే పెద్దవాడయ్యాడు. ఎందుకు మేడం అని ఒకరు, తలకిందులుగా ఉంటాడా అని ఒకరు. జూన్ నుంచి ఆ గదిలో ఒక్క ప్రశ్న పుట్టలేదు. ఇప్పుడు ఆమెకు జవాబులకు సందు దొరకలేదు.

తలుపుకు కట్టిన గుడ్డ తొలగింది. గురుమూర్తి తల లోపలికి వచ్చింది. కరెంటు పోయిందని తిట్టడానికి వచ్చిన నోరు, వెలుగును చూసి ఆగింది.

"వచ్చిందా లైవు?"

పిల్లలు పుష్పావతిని చూశారు. పుష్పావతి తెర పక్కకు చెయ్యి చూపించింది.

"వచ్చింది సార్. దీనికంటే లైవు ఇంకోటి ఉండదు."

వెనక బెంచీలో ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. గురుమూర్తి అప్పటికే ఆఫీసు గదికి పరుగెత్తాడు. మందను తోలుకొచ్చినట్టు అందరినీ తోలుకొచ్చాడు.

"చూడప్పా శశికుమార్. ఊరంతా కరెంటు కట్టు. మా స్కూల్లో చైనా గ్రహణం ఆడతా ఉండాది. ఇన్వర్టరప్పా, ఇన్వర్టరు. రాసుకో."

శశికుమార్ రాసుకున్నాడు. ప్రొజెక్టరు మూత బిగించుకుని గది నడిమధ్యలో గాడిదంత ఎత్తున కూర్చుని ఉంది. దాన్ని దాటుకునే అందరూ తెర దగ్గరికి పోయారు. ఇంతమందిలో ఒక్కరూ దాని పక్క చూసిన పాపాన పోలేదు. "శానా బాగుండాది సారూ, ఖర్చు శానా అయ్యింటుంది" అన్నాడు నాగన్న, తన గొర్రెలను తలుచుకుంటూ.

"సార్," అంది పుష్పావతి, అందరికీ వినబడేటట్టు. "లైవు వస్తే నా సర్టిఫికెట్లు ఇస్తానంటిరి. సోమారం నాకు సర్కారు బడికి పిలుపు ఉండాది."

పేపరువాడి ముందు గురుమూర్తి పెద్దమనసు ఉబ్బింది. తాళాలు ప్రసాదు చేతికి విసిరాడు. "తెచ్చియ్యి. మా టీచర్లు గవర్నమెంటుకు పోయేంత తయారవుతారప్పా. ఇది కూడా రాసుకో."

కవరు వచ్చింది. పుష్పావతి గడప బయటి వెలుతురులో ఒక్కొక్క కాగితమూ తీసి చూసి, సంచిలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగింది. ఆమె లోపలికి వచ్చేసరికి గురుమూర్తి తెర ముందు నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. తెల్లచొక్కా, బానకడుపు. శశికుమార్ ఫోటో కొట్టాడు.

"సార్, కొంచెం పక్కకు జరగండి. మీ చొక్కా మీద పడింది," అంది పుష్పావతి.

"వీడియోనే కదమ్మా. పడితే ఏమి?"

"వీడియో కాదు సార్. మిషనుకు మూత బిగించే ఉండాది, చూడండి. ఇన్వర్టరు బ్యాటరీ మీ ఇంట్లో ఉండాది. మీరు మేకు పీకించిన బొక్కలోనుంచి బయటి సూర్యుడే వచ్చినాడు. ఇప్పుడు గ్రహణం మీ కడుపు మీదనే ఉండాది."

గురుమూర్తి కిందకి చూసుకున్నాడు. కొరికిన సూర్యుడు సరిగ్గా బొడ్డు మీద, గుండీకీ గుండీకీ మధ్య వెలుగుతున్నాడు. తేలును విదిలించినట్టు చేత్తో కొట్టాడు. సూర్యుడు చేతి మీదికి ఎక్కాడు. చెయ్యి వెనక్కు లాగితే మళ్లీ కడుపు మీదికి వచ్చాడు. ఆయన పక్కకు ఎగిరాడు.

"ప్రసాదూ, నీళ్లు తోడు," అన్నాడు. పిల్లలు నవ్వే లోపల చెప్పులు కూడా వదిలేసి పోయాడు.

నాగన్న రెండడుగులు వెనక్కు వేశాడు. "తగిలితే ఏమన్నా అయితాదామ్మా?"

"నా చేతిలో ఇంతసేపు ఉండె నాయనా. ఏమాయె నాకు?" అంది చైత్ర. ఆయన అరచేతిని పట్టి లాగి అందులోకి సూర్యుణ్ణి తీసుకుంది. నాగన్న చెయ్యి తీయలేదు. కొరుకుడు కొంచెం కొంచెంగా పూడేదాకా వాళ్లందరూ ఆ గదిలోనే ఉన్నారు.

ఆదివారం పేపర్లో వార్త వచ్చింది. 'ఆన్‌లైన్‌లో గ్రహణం, పల్లె బడి ఘనత.' శశికుమార్ అక్కడ నిలబడి విన్నదంతా విన్నాడు, రాయవలసింది రాశాడు. ఆ ఫోటోనే మరుసటేడు హైవే మీద బోర్డుకు ఎక్కింది. కరస్పాండెంటు కడుపు మీద ఒక వెలుగు మచ్చ. ఆ మచ్చ ఏమిటని అడగకుండా హోసూరు దాకా ఉన్నవాళ్లు పిల్లలను తెచ్చి చేర్చారు.

పుష్పావతి ఊత్తంగరై పక్క సర్కారు బడికి పోయింది. ఆమె చోట కొత్త టీచరమ్మ వచ్చింది. ఈమె ఒరిజినల్స్ కూడా బీరువాలోకి పోయాయి. సాయంత్రం స్పెషల్ క్లాసులో తెర మీద చక్రం తిరుగుతుంటే, దాని పక్కనే నిమ్మకాయంత వెలుగు ఒకటి మెల్లగా జరుగుతూ ఉండేది. వీడియోకు అడ్డం పడుతోందని ఆ టీచరమ్మ ఫిర్యాదు చేసింది.

ప్రసాదు నిచ్చెన ఎక్కి, అట్టకున్న బొక్కకు గమ్ము టేపు అంటించి దిగాడు.