రాజాంబాళ్ వేసిన ముడి

రెండు నూలుపోగులు ఎడమ మణికట్టుకు చుట్టుకుంటూనే రాజాంబాళ్ గుడియాత్తం నేతవీధిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆమెకు చదువు రాదు. వీధి నాటకం చూస్తూ, అందులో జరిగేది తప్పని చెయ్యెత్తిన ఆడవాళ్లకు తెల్లపోగు మీద ముడి, లేచొచ్చి ఆటలో దిగినవాళ్లకు ఎర్రపోగు మీద ముడి. నాటక దళం నడిపే గుణశేఖర్ ఆ ముళ్లు చూసి పైకి పంపే కాగితాలు నింపుకుంటాడు.

ముప్పై ఏళ్లు లుంగీలు నేసిన చెయ్యి అది. పవర్‌లూములొచ్చి, మగ్గం చెక్కలు పొయ్యిలోకి పోయాక, ఆ చేతికి మిగిలింది ఈ ముళ్లే. మొగుడు పోయినప్పుడు కూడా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మాత్రం ఆట అయిపోగానే "ఎంతమందమ్మా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం ఎండల్లో పడి తిరుగుతుంది, పిచ్చి మనిషి.

పెళ్లాన్ని కొట్టే మొగుడి నాటకం అది. వాడు చెయ్యెత్తగానే ఆట ఆగుతుంది. చూసేవాళ్లలో ఒకరొచ్చి, పెళ్లాం వేషం వేసిన పిల్ల భుజం మీది తువాలు తాము కప్పుకుని, తామైతే ఏమంటారో అనాలి. సొంత సంసారం మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే గట్టిగా చప్పట్లు చరిచి ఆట ఆపాల్సిన పని రాజాంబాళ్‌ది.

మేల్పాడి ఊళ్లో ఆటలోకి ఎవరూ లేచి రాలేదు. అంతకుముందు రెండూళ్లలోనూ అంతే. ఈ రోజు దళానికి డబ్బిచ్చే ఆఫీసు అధికారిణి చెన్నై నుంచి వస్తోంది. ఇక్కడా ఎర్రపోగు బోసిగా ఉంటే దళాన్ని ఎత్తేస్తారు.

చివరింటి వాకిట్లో వినోదిని గిన్నెలు తోముతోంది. కుడి చెంప కమిలి ఉంది.

"నువ్వు రామ్మా," అంది రాజాంబాళ్.

"మా యింటాయన ఆడనే ఉంటాడత్తా."

"ఉండనీ. మాట్లాడేది నాటకంలో పెండ్లాము, నువ్వు గాదు గదా. నేనుండాను, నీకేం గాదు."

మూడు గంటలకు ఆట మొదలైంది. వేషంలో ఉన్న మొగుడు చెయ్యెత్తాడు. ఆట ఆగింది. ఎవరూ కదల్లేదు. అధికారిణి గడియారం చూసుకుంది. 

అప్పుడు వినోదిని లేచింది. తువాలు కప్పుకుని, తలవంచుకుని, మొదట వేషం మాటలే నాలుగు అంది. తర్వాత తలెత్తి జనం వెనక వరస వైపు చూసింది.

"కన్నప్పా! నిన్న నా తల గోడకేసి కొట్టింది నువ్వే గదా? యాడికి పోవాల నేను?"

ఆ వీధిలో మొగుడి పేరు నోటితో పలికిన ఆడది అంతవరకూ లేదు. రాజాంబాళ్ రెండు చేతులూ దగ్గరికొచ్చాయి. చరచాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, బాగా తెలుసు. అధికారిణి ముందుకు వంగి గబగబా రాసుకుంటోంది. చేతులు కలవలేదు. కుడిచేతి వేళ్లు ఎర్రపోగు పట్టుకుని ముడి వేశాయి.

"రొంబ నల్లదమ్మా! చాలా బాగుంది, మార్పంటే ఇదే," అని అధికారిణి ఆమె భుజం తట్టింది. గుణశేఖర్ అందరికీ టీ చెప్పాడు. వినోదిని ఎప్పుడు ఇంటికెళ్లిందో ఎవరూ చూడలేదు. అందరినీ లెక్కపెట్టే మనిషీ చూడలేదు.

గ్లాసులు ఖాళీ కాకముందే వీధి చివర కేకలు లేచాయి. కన్నప్ప వినోదినిని కొట్టి పారిపోయాడు. వినోదిని తల ఒళ్లో పెట్టుకుని రాజాంబాళ్ ఆటో ఎక్కింది. ఆటో వేలూరు ఆసుపత్రికి పరుగెత్తింది. దారిలో లత్తేరి ఊరు దాటకముందే ఊపిరి ఆగి ఆ తల బరువెక్కింది.

"లెయ్యమ్మా... నేనుండానని చెప్తిని గదమ్మా..." అంటూనే ఉంది రాజాంబాళ్, కాట్పాడి వచ్చేదాకా.

మర్నాడు ఆమె వీధిలోకి వచ్చేసరికి గుణశేఖర్ లెక్క కాగితం పంపేశాడు. అందులో, ఆటలో దిగినవారు ఒకరు. ఆమె దాన్ని వెనక్కి తెమ్మని ఏడ్చింది. తన చేతులు తనకే అసహ్యమై, ఆమె వాటిని కొంగులో దాచుకుంది.

ఆట నుంచి వచ్చిన వినోదిని ఏమీ జరగనట్టే నూలు చుట్టే పనికి కూర్చుందని పక్కింటామె చెప్పింది. రాజాంబాళ్ వినోదిని ఇంటి గడప దాటలేక బయటే నిలబడిపోయింది. లోపల రాట్నం మీద సగం చుట్టిన నూలు కండె, పోగు తెగకుండా అలాగే ఉంది.